ముక్కల్ని ఏది పట్టి ఉంచుతుంది? ఇంటి కటింగ్ మెషీన్‌తో తొలి పనులపై సమీక్ష

ఇంట్లో బల్ల మీద పట్టేంత కటింగ్ మెషీన్ కొన్నవాళ్లకు పెట్టె విప్పగానే వచ్చే సందేహం ఒకటే: ముందుగా దీంతో ఏం చేసి చూడాలి? జవాబులకు కొరత లేదు. మెషీన్ కంపెనీలు ఇచ్చే ప్రాజెక్టుల జాబితాలు, చేతిపనుల పుస్తకాలు, వీడియోలు దాదాపు ఒకే వరుస చెబుతాయి. ముందు గ్రీటింగ్ కార్డు, తర్వాత కాఫీ కప్పు మీద పేరు, కేకు మీద గుచ్చే ‘హ్యాపీ బర్త్‌డే’, టీషర్టు, గుడ్డ సంచి, చివరికి పొరలు పొరలుగా పేర్చిన మండలా. ఇంగ్లీషు అక్షరాలతో పనిచేసేవాళ్లకు ఈ వరుస చాలావరకు సరిపోతుంది. తెలుగు అక్షరాలు కత్తిరించబోయేవాళ్లకు మాత్రం సగం దారిలోనే తలకిందులవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లకు ఒక పని ఎంత కష్టమో తేల్చేది మెషీన్ ఖరీదు కాదు, డిజైన్‌లో ఉన్న వంపుల లెక్కా కాదు. కత్తిరించాక విడిపోయిన ముక్కల్ని వాటి వాటి చోట్లలో ఏది పట్టి ఉంచుతుంది అన్నదే తేలుస్తుంది. కాగితపు పనిలో ఆ భారం కాగితానిదే. స్టిక్కర్ పనిలో పైన అంటించే ట్రాన్స్‌ఫర్ టేపుది. ఇస్త్రీతో బట్టకు అంటించే పల్చటి ప్లాస్టిక్ షీటైన వినైల్‌లో దాని మీదుండే పారదర్శకపు పొరది. స్టెన్సిల్‌లో మనం వదిలిన సన్నని వంతెనలది. ఏ తొలి పని ఎంచుకోవాలన్నా ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ముందు మెషీన్ సంగతి. ఇళ్లలోకి వచ్చిన ఈ రకం మెషీన్లలో ఎక్కువ పేరున్నవి మూడు. క్రికట్, సిల్హౌట్, బ్రదర్ కంపెనీ స్కాన్‌ఎన్‌కట్. క్రికట్‌ది అమెరికాలోని యూటా రాష్ట్రం. 1969లో ప్రోవో క్రాఫ్ట్ అనే చేతిపనుల దుకాణంగా మొదలైన సంస్థే తర్వాత ఈ మెషీన్లు చేసింది, 2018లో పేరు కూడా క్రికట్ అని మార్చుకుంది, 2021లో నాస్డాక్‌లో షేర్లు జారీ చేసింది. సిల్హౌట్ కూడా యూటాలోనే ఉంది, కానీ దాని మూలం జపాన్‌లో ప్లాటర్లు తయారుచేసే గ్రాఫ్‌టెక్. స్కాన్‌ఎన్‌కట్ ప్రత్యేకత పేరులోనే ఉంది. మెషీన్‌లోనే స్కానర్ ఉంటుంది కాబట్టి, కాగితం మీద చేత్తో గీసిన బొమ్మను కంప్యూటర్ లేకుండానే చదువుకుని కత్తిరిస్తుంది. గీయడం బాగా వచ్చి కంప్యూటర్ అంటే బెరుకున్నవాళ్లకు మూడింటిలో ఇదే నయమని నా లెక్క.

మూడింటిలోనూ పని జరిగే తీరు ఒకటే. జిగురున్న ప్లాస్టిక్ మ్యాట్ మీద కాగితమో వినైలో అంటిస్తాం. రోలర్లు ఆ మ్యాట్‌ను ముందుకీ వెనక్కీ లాగుతుంటే, బ్లేడున్న బండి కుడి ఎడమలకు కదులుతుంది. రెండు కదలికలూ కలిస్తే ఏ వంపయినా వస్తుంది. మామూలు బ్లేడుకు విడిగా మోటారు ఉండదు. దాని మొన మధ్యకు రవ్వంత పక్కగా ఉంటుంది కాబట్టి, ఆఫీసు కుర్చీ కింది చక్రం లాగా లాగిన వైపుకు తనే తిరుగుతుంది. గుండ్రటి వంపుల్లో ఇది హాయిగా సాగుతుంది. మూల దగ్గర మాత్రం బ్లేడు ఉన్నచోటే గిర్రున తిరగాలి. కాగితం మెత్తనిదయితే అక్కడ పీలికలవుతుంది, మొండి బ్లేడయితే మూల తెగకుండా వేలాడుతుంది. తెలుగు అక్షరాల్లో మూలలు తక్కువ, వంపులు ఎక్కువ. అందుకే ఈ రకం బ్లేడుకు మన లిపి మంచి చుట్టమే. చిక్కు వేరేచోట ఉంది.

ఆ చిక్కు చూడాలంటే ‘ఉప్పు’ అనే మాటను తీసుకుని దగ్గరగా పరికించాలి. ఉ ఒక ముక్క. పు ఒక ముక్క. పు నెత్తిన తలకట్టు, ప అక్షరం ఒంటికి తగలకుండా, వేరే ముక్క. కింద పావత్తు మరో ముక్క. రెండక్షరాల మాట నాలుగు ముక్కలయింది. ప, ష, స లాంటి అక్షరాల్లో తలకట్టు విడిగా ఉండడం, వత్తులు పై అక్షరాన్ని తాకకపోవడం మన అచ్చులో మామూలు. కంటికి అది ఒకే మాటగా కనిపిస్తుంది, బ్లేడుకు కాదు. కేకు మీద గుచ్చడానికి దళసరి కాగితంలో ‘ఉప్పు’ అని కత్తిరిస్తే చేతిలోకి నాలుగు తునకలు వస్తాయి. ఇంగ్లీషు గొలుసుకట్టు రాతలో ఒక పేరు కత్తిరిస్తే దాదాపు అంతా ఒక్క ముక్కగా లేచి వస్తుంది. కేకు మీది పేరును ఇంగ్లీషు జాబితాలు కొత్తవాళ్ల పనిగా ఎందుకు లెక్కేస్తాయో, మనకెందుకు అది కాదో ఇక్కడే తెలిసిపోతుంది.

అదే ‘ఉప్పు’ను స్టిక్కర్ వినైల్‌లో కత్తిరిస్తే నాలుగు ముక్కలూ వెనక కాగితానికి అంటుకునే ఉంటాయి. బ్లేడు పై పొరనే కోస్తుంది, అడుగు కాగితాన్ని ముట్టుకోదు. చుట్టూ ఉన్న అక్కర్లేని వినైల్‌ను పీకేసి, పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి రుద్ది లేపితే నాలుగూ ఒకేసారి, ఉన్న దూరాల్లోనే లేచి వస్తాయి. తలకట్టు ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. అందుకే తెలుగులో మొదలుపెట్టేవాళ్లకు తొలి పని ఏమిటని అడిగితే నేను సందేహించకుండా వంటింటి డబ్బాల మీద పేర్లు అంటాను.

డబ్బాల పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ మెషీన్‌తో నేర్చుకోవలసినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ధనియాలు, కందిపప్పు, మినప్పప్పు అని రాసి వరుసగా పెట్టుకుంటే మన లిపిలోని అన్ని రకాల ముక్కలూ అందులో వచ్చేస్తాయి. ‘ఆవాలు’ తేలిక. ‘కందిపప్పు’లో సున్నా, గుడి, వత్తు ఉన్నాయి. ‘జీలకర్ర’లో ర కింద రావత్తు. చిన్న డబ్బా మీద ఇరుకుగా రాస్తే ఆ వత్తు పీకేటప్పుడు చుట్టూ ఉన్న వినైల్‌తో పాటు లేచి పోతుంది. నా అనుభవంలో గీత మందం ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే బాధే. సన్నగా సొగసుగా ఉండే ఫాంటు బదులు రామభద్ర లాంటి బొద్దు ఫాంటు తీసుకుంటే సగం సమస్య పోతుంది. ఇంగ్లీషు మాటకు సరిపోయే ఎత్తు తెలుగు మాటకు సరిపోదని కూడా ఇక్కడే తెలుస్తుంది. పైన గుడికీ కింద వత్తుకూ చోటు వదలాలి. 2 సెంటీమీటర్ల అక్షరం కావాలంటే స్టిక్కర్‌కు అంతకు దాదాపు రెండింతల ఎత్తు చూసుకోవాలి.

వినైల్‌లో రెండు తరగతులున్నాయి. ఒకటి గట్టిగా అంటుకుపోయేది, రెండోది తర్వాత తీసేయదగ్గది. జర్మనీ కంపెనీ ఒరాఫోల్ చేసే ఒరాకల్ షీట్లలో 651 మొదటి రకానికి, 631 రెండో రకానికి బాగా తెలిసిన ఉదాహరణలు. స్టీలు డబ్బాలకు, గాజు సీసాలకు మొదటిది. అద్దె ఇంటి గోడకు రెండోది. స్టీలు మీద అంటించే ముందు నూనె జిడ్డు పూర్తిగా పోవాలి. వంటింట్లో డబ్బా ఎంత కడిగినా కంటికి కనిపించని జిడ్డు పొర ఒకటి మిగులుతుంది, స్పిరిట్‌తో తుడిస్తే తప్ప పోదు. స్టిక్కర్ అంచులు లేచిపోతున్నాయని వినైల్‌ను తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు దోషి ఈ జిడ్డే.

కాఫీ కప్పు కూడా ఇదే వినైల్ పని, కాకపోతే దాని గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. అంటుడు వినైల్ తిండి తగలడానికి చేసింది కాదు. పెదవి తగిలే అంచున, కప్పు లోపల, పళ్లెం మీద అంటించకూడదు. కప్పు బయటివైపు, అంచుకు కిందుగా అంటించి, చేత్తోనే కడుక్కోవాలి. ఒంపున్న కప్పు మీద పొడుగు మాట అతికిస్తే అది విల్లులా వంగి వస్తుంది. కప్పును తర్వాతకు ఉంచి, నిలువు గోడలున్న డబ్బాతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం.

కాగితం దగ్గరికి వద్దాం. అన్నిటికంటే చవక, తప్పితే పోయేది ఒక షీటే. అక్షరాల జోలికి పోనంతవరకు కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. పేరంటానికి పసుపు కుంకుమ పొట్లాల మీద కట్టే చీటీలు, పెళ్లి కానుకల చిన్న పెట్టెలు, కవర్లు, కాగితపు మామిడాకుల తోరణం. వీటిలో తోరణం నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. అమెరికాలో పండగ చేసుకునే తెలుగువాళ్లకు గుమ్మానికి కట్టడానికి మామిడాకులు అన్ని ఊళ్లలో, అన్ని కాలాల్లో దొరకవు. ఆకుపచ్చ దళసరి కాగితంలో ఆకు ఆకారం ఒకటి గీసుకుని, మధ్య ఈనె దగ్గర మడత గీత వేయించి, పైన దారానికి రెండు కన్నాలు పెడితే ఒక 12 అంగుళాల షీటులో చాలా ఆకులు పడతాయి. ఒకే ఆకారం పదేపదే, తేడా రాకుండా కావాల్సిన ఇలాంటి పనుల్లోనే మెషీన్ తన ఖరీదుకు న్యాయం చేస్తుంది. ఒకే ఒక్క గ్రీటింగ్ కార్డుకయితే కత్తెర చాలు, మెషీన్ బయటికి తీయడం దండగ.

కాగితంలో కొత్తవాళ్లు తడబడేది కాగితం దళసరి దగ్గర. జెరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. అది మ్యాట్ మీద నుంచి లేపేటప్పుడే చిరుగుతుంది. ఆకులు, పెట్టెలు, చీటీలకు 200 జీఎస్ఎం చుట్టుపక్కల కార్డు హాయిగా తెగుతుంది. శుభలేఖల దుకాణాల దగ్గర ఐవరీ కార్డు అని అడిగితే ఈ తరగతి కాగితం దొరుకుతుంది. ఇంకో మెళకువ ఉంది, తెలుసుకున్నవాళ్లు తెలియనివాళ్లకు చెప్పి తీరాలి. పని అయ్యాక కాగితాన్ని మ్యాట్ నుంచి లేపకూడదు. మ్యాట్‌ను బోర్లా తిప్పి, మ్యాట్‌నే వంచుతూ కాగితం నుంచి ఊడదీయాలి. కాగితాన్ని లాగితే అది చుట్టుకుపోతుంది, మ్యాట్‌ను లాగితే బల్లపరుపుగా మిగులుతుంది. కొత్త మ్యాట్ జిగురు మరీ ఎక్కువైతే ఒంటి మీది టీషర్టుకు రెండు మూడుసార్లు అద్దితే ఆ తీవ్రత తగ్గుతుంది.

కాగితంలో తెలుగు పేరు కావాలంటే ఏం చేయాలి? దారులు రెండు. పేరు వెనక అదే ఆకారంలో కాస్త ఉబ్బించిన నీడ ఒకటి వేరే రంగులో కత్తిరించి, ముక్కల్ని దాని మీద అతికించడం మొదటిది. సాఫ్ట్‌వేర్‌లలో ఆఫ్‌సెట్ అనే పేరుతో ఉండేది ఇదే. తలకట్టు, వత్తు అన్నీ ఆ నీడ మీద కూర్చుంటాయి, కేకు మీద కూడా నిలబడతాయి. రెండోది, అక్షరాల్నే సవరించి తలకట్టును కిందికి, వత్తును పైకి జరిపి ఒంటికి తగిలించడం. మొదటిది సులువు, చూడ్డానికీ బాగుంటుంది. రెండోది చేతనైనవాళ్లు చేస్తే అందం వేరు, చేతకానివాళ్లు చేస్తే అక్షరం అక్షరంలా ఉండదు.

ఇక స్టెన్సిల్. ఇక్కడ చిక్కు పూర్తిగా తిరగబడుతుంది. స్టెన్సిల్‌లో అక్షరం ఉన్నచోట కన్నం పడుతుంది, మిగిలిన షీటే మనకు కావాలి. తలకట్టు విడిగా ఉన్నా నష్టం లేదు, అది మరో కన్నం అంతే. కానీ సున్నా లోపలి గుండ్రం? దాన్ని పట్టుకునేది ఏదీ లేదు, ఊడి పడిపోతుంది. అప్పుడు రంగు వేస్తే ‘ం’ బదులు నిండు చుక్క వస్తుంది. మన అక్షరాల్లో ఇలాంటి మూసుకున్న సుడులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే మొండిది ఠ. స్టెన్సిల్‌లో దాని లోపలి గుండ్రం మధ్య చుక్కతో సహా ఊడిపోతుంది. విడి అక్షరంగా కత్తిరిస్తే చుక్క జారి పడుతుంది. ఎటు చూసినా పట్టు లేని అక్షరం. ‘పాఠశాల’ అని బోర్డు రాయడానికి స్టెన్సిల్ చేయబోయేవాళ్లు ఆ ఠ దగ్గర సుడికి వంతెనలు వేసుకోవాల్సిందే. సుడికి రెండు వైపులా సన్నని పట్టీలు వదిలితే చాలు. ఒక్కటే వదిలితే లోపలి ముక్క రెపరెపలాడి రంగు కిందికి పాకుతుంది.

ఈ వంతెనల విద్య మనకు కొత్తది కాదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు తోలుకు ఉలులతో కన్నాలు కొట్టి నగలనూ చీర అంచులనూ చూపిస్తారు. దీపం వెలుగు ఆ కన్నాల్లోంచే తెర మీద పడుతుంది. ప్రతి కన్నానికీ పక్క కన్నానికీ మధ్య తోలు మిగలాలి, లేకపోతే బొమ్మ ఆటలోనే చిరుగుతుంది. ఎక్కడ కొట్టాలో ఎంత తెలుసో, ఎక్కడ కొట్టకూడదో అంత తెలిసిన కళ అది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మథుర వైపు సాంఝీ కాగితపు స్టెన్సిళ్లు, 2009లో యునెస్కో జాబితాకెక్కిన చైనా కాగితపు కత్తిరింపులు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. స్టెన్సిల్ గీయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ పాఠాల కంటే ముందు ఒక తోలుబొమ్మ ఫొటోను పెద్దది చేసి, కన్నాల మధ్య మిగిలిన తోలును చూడాలని నా సలహా.

ముగ్గుల స్టెన్సిల్ గురించి తెలుగువాళ్లకు సహజంగానే ఆశ పుడుతుంది. సంక్రాంతికి ముగ్గు జల్లెడలు, రంధ్రాల పళ్లేలు బజార్లో అమ్ముతూనే ఉంటారు. ఇంటి మెషీన్‌తో మనకు నచ్చిన ముగ్గుకు అలాంటిది చేసుకోవచ్చు, మైలార్ అనే పారదర్శకపు ప్లాస్టిక్ షీటు తీసుకుంటే పదేపదే వాడుకోవచ్చు. అయితే ఏ ముగ్గు? చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు స్టెన్సిల్‌కు పనికిరాదు. దాని గీత ప్రతి చుక్క చుట్టూ మూసుకుంటుంది, కాబట్టి గీత తెగగానే లోపలి ప్రతి గడీ ఊడిపోతుంది. వంతెనలు వేస్తూ పోతే మెలిక అందమే పోతుంది. రేకులు విడివిడిగా ఉన్న పద్మం ముగ్గు మాత్రం వెంటనే కుదురుతుంది. ఒక్కో రేకు ఒక్కో కన్నం, మధ్యలో షీటు నిండుగా మిగులుతుంది. మెలికల ముగ్గు మీద మనసున్నవాళ్లు దాన్ని తెల్ల వినైల్‌లో స్టిక్కర్‌గా కత్తిరించి గడపకు అంటించుకోవచ్చు. అక్కడ గీతే ముక్క, ట్రాన్స్‌ఫర్ టేపే పట్టు. ఒకే ముగ్గు ఒక పనిలో అసాధ్యం, ఇంకో పనిలో సునాయాసం.

బట్టల మీద అంటించే వినైల్ గురించి జాబితాలన్నీ ఉత్సాహంగా చెబుతాయి. చెప్పదగ్గ పనే. తెలుగు అక్షరాలకు ఇది బాగా కలిసొస్తుంది కూడా. పైనున్న పారదర్శకపు పొర విడి ముక్కలన్నిటినీ పట్టి ఉంచుతుంది. తప్పులు జరిగేది రెండు చోట్ల. మొదటిది అద్దం తిప్పుడు. ఈ వినైల్‌ను మెరిసే పొర మ్యాట్‌కు ఆనేలా పరిచి వెనకవైపు నుంచి కత్తిరిస్తాం కనుక, డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిప్పి పంపాలి. మరిచిపోతే పేరు తిరగేసి వస్తుంది. రెండోది వేడి. సైజర్ అనే ఇటలీ కంపెనీ ఈజీవీడ్ వినైల్‌కు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నుంచి 15 సెకన్ల ఒత్తిడి చాలు. ఇంటి ఇస్త్రీపెట్టెలో కాటన్ గుర్తు దగ్గర అంతకంటే వేడి ఉంటుంది, అదీ పెట్టె అంతటా ఒకేలా ఉండదు. ఆవిరి ఆపేసి, రుద్దకుండా, ఒక్కో చోట నిలిపి అదమాలి. గట్టి బల్ల కావాలి. మెత్తటి దుప్పటి పరిచి ఇస్త్రీ చేసే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది, ఒత్తిడంతా దుప్పటిలోకి పోతుంది. అంటించాక ఒక రోజు ఆగి, తిరగేసి ఉతకాలి. మొదటిసారి నూలు గుడ్డ సంచి మీద చేయడం మేలు. టీషర్టు సాగుతుంది, సంచి సాగదు. పట్టుచీరల మీద, జరీ మీద మాత్రం ఈ ప్రయోగం ఎవరూ చేయకూడదు.

ప్రింటర్‌లో అచ్చు వేసి, చుట్టూ కత్తిరించే పనిని కూడా కొత్తవాళ్ల జాబితాల్లో చేరుస్తారు. పిల్లల పుస్తకాల మీద పేరు చీటీలకు ఇది బాగుంటుంది. అచ్చుతో పాటు పడే నల్ల గుర్తుల్ని మెషీన్ సెన్సర్ చదివి, ఎక్కడ కోయాలో తెలుసుకుంటుంది. నిగనిగలాడే కాగితం మీద వెలుగు పడి సెన్సర్ తికమక పడితే కోత పక్కకు జరుగుతుంది. కాబట్టి మెరుపు లేని స్టిక్కర్ కాగితం తీసుకోవడం మంచిది. పొరల మండలా, కలప, తోలు, గాజు మీద యాసిడ్ క్రీముతో చెక్కడం ఇవన్నీ తొలి పనుల్లో చేర్చడం నాకు నచ్చదు. ముఖ్యంగా ఆ గాజు క్రీముల్లో ఫ్లోరైడ్ లవణాలుంటాయి, చర్మానికీ కళ్లకూ ప్రమాదం. పిల్లలు పక్కన కూర్చుని చూసే బల్ల మీద వాటికి చోటు లేదు. బ్లేడు మెషీన్‌కు బదులు చిన్న లేజర్ కొన్నవాళ్లకు ఇంకో మాట. స్టిక్కర్ వినైల్ అంటే పీవీసీ, అందులో క్లోరిన్ ఉంటుంది. లేజర్ కింద అది కాలితే ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ హాని చేసే ఆమ్లపు పొగ వస్తుంది. బ్లేడుతో కోసే వినైల్ స్టిక్కర్ షీట్లను లేజర్ కింద ఎప్పుడూ పెట్టకూడదు.

జాబితాల్లో నాకు ఎక్కడా కనిపించని, తెలుగువాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే ఒక ప్రాజెక్టు ఉంది. పిల్లలకు తాకి నేర్చుకునే అక్షరాలు. మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితపు అక్షరాల్ని పిల్లలు వేలితో తడుముతూ రాత దిశ పట్టుకుంటారు. విదేశాల్లో మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్చుకునే పిల్లలకు అ నుంచి ఱ వరకు ఇలాంటి కార్డులు ఇంట్లోనే చేసిపెట్టవచ్చు. గరుకు కాగితం బ్లేడును నిమిషాల్లో మొండి చేస్తుంది, కాబట్టి దాని బదులు మఖమల్ లాంటి నూగున్న ఇస్త్రీ వినైల్‌ను దళసరి కార్డు మీద అంటించాలి. ప తలకట్టు విడిగా ఉందని పిల్లకు వేలికే తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్ల ఫోమ్ షీటులో కూడా అక్షరాలు కోయవచ్చు, కానీ దానికి లోతుగా దిగే బ్లేడు విడిగా కొనాలి, మొదటి నెలలో ఆ ఖర్చు అనవసరం.

ఇవన్నీ చేయాలంటే తెలుగు అక్షరం మెషీన్ దాకా సరిగ్గా చేరాలి. యూనికోడ్ ఫాంటులో మాటను ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, గిడుగు, అనేక్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. తర్వాత మాటను అక్షరాల నుంచి గీతలుగా మార్చి, ఒకదాని మీద ఒకటి పడిన గీతల్ని కలిపేయాలి. ఈ కలపడం మానేస్తే, రెండు గీతలు దాటుకునే ప్రతిచోటా బ్లేడు అడ్డంగా కోసిపోతుంది. కొన్ని ఫాంట్లలో అక్షరం ఒంటిలోనే ముక్కలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి, తెర మీద ఆ సంగతి తెలియదు. చివరగా ఎస్‌వీజీ ఫైలుగా దాచుకుంటే క్రికట్ తీసుకుంటుంది. సిల్హౌట్ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీని తెరవదు, దానికి డీఎక్స్ఎఫ్‌గా దాచుకోవాలి. ఎస్‌వీజీ తెరవాలంటే పై ఎడిషన్ కొనాలి.

మెషీన్ ఎంచుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ పట్టు ఎంత అన్నది కూడా చూడాలి. 2021 మార్చిలో క్రికట్, నెలనెలా డబ్బు కట్టనివాళ్లు సొంత డిజైన్లు నెలకు 20కి మించి ఎక్కించకుండా కట్టడి పెట్టబోయింది. వాడకందారులు గట్టిగా ఎదురు తిరిగితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఇంగ్లీషు ఫాంట్లతో, కంపెనీ ఇచ్చే బొమ్మలతో సరిపెట్టుకునేవాళ్లకు ఆ కట్టడి పెద్దగా తగిలేది కాదు. తెలుగులో పనిచేసేవాళ్లకు ప్రతి డిజైనూ సొంతంగా ఎక్కించేదే. డబ్బాల పేర్లతోనే నెల కోటా అయిపోయేది.

కొనడానికి ముందు చేయదగ్గ పని ఇంకొకటుంది. మన పట్టణాల్లో రేడియం స్టిక్కర్ల దుకాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. బండ్ల నంబర్ ప్లేట్లు, ఆటోల వెనక పేర్లు, దుకాణాల అద్దాల మీద అక్షరాలు కోసే అక్కడి ప్లాటరు, ఇంటి కటింగ్ మెషీన్‌కు అన్న వరస. కోరెల్‌డ్రాలో అను ఫాంట్లతో టైపు చేసి, తలకట్టూ వత్తూ ఎలా సర్దాలో, ముక్కలు ఎలా కలిపేయాలో ఆ దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కొట్టిన పిండి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అక్షరాన్ని ముక్కలుగా పేర్చి కూర్చుతాయి. కాబట్టి కలపకుండా కోస్తే ఏమవుతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. డబ్బాల పేర్లు ఒక ఫైలుగా చేసుకుని వెళ్లి, ఒక షీటు కోయించుకుని, ఇంటికొచ్చి పీకి అంటించి చూడండి. పీకే ఓపిక ఉందో లేదో, ఏ ఫాంటు నిలబడుతుందో ఆ ఒక్క షీటు చెబుతుంది. ఏడాదికి రెండుసార్లు పండక్కి స్టిక్కర్లు కావాల్సినవాళ్లకు ఆ దుకాణమే చాలు. తోరణాలు, చీటీలు, పిల్లల కార్డులు నెలనెలా చేస్తామనుకునేవాళ్లు మాత్రం మెషీన్ కొనుక్కోవచ్చు. దాంతో పాటు రెండు మ్యాట్లు, ఒక అదనపు బ్లేడు, ఒక ట్రాన్స్‌ఫర్ టేపు చుట్ట తీసుకుంటే మొదటి ఆరు నెలలకు ఇంకేమీ అక్కర్లేదు. రంగురంగుల వినైల్ కట్టలు తర్వాత కొనవచ్చు, ముందు నలుపు ఒక్కటి చాలు.